లైబ్రరీ గదిలో పగడాల తొట్టె పెట్టేముందు

ఇది కొంచెం పొడుగు పోస్టు. తీరిగ్గా ఉన్నప్పుడే చదవండి, కానీ వచ్చే మీటింగులోపల చదవండి.

పోయిన ఆదివారం మన కుర్రవాళ్లు ఒక ప్రతిపాదన తెచ్చారు. లైబ్రరీ గదిలో తూర్పు గోడ ఖాళీగా ఉంది కాబట్టి అక్కడ 200 లీటర్ల ఉప్పునీటి తొట్టె పెట్టి, అందులో పగడాలు పెంచుదామని. ఫోనులో వీడియోలు కూడా చూపించారు. నీలం లైటు కింద ఆకుపచ్చగా, ఊదాగా వెలుగుతున్న పగడాలు చూసి పిల్లలే కాదు, పెద్దవాళ్లు కూడా కుర్చీల్లో ముందుకు జరిగారు. "తాగే నీళ్లకే క్యాను కొనుక్కునే ఊళ్లో చేపలకు సముద్రం కావాలా" అని ఒకాయన అన్నారు. "పిల్లలు ఫోను వదిలి పది నిమిషాలు దాని ముందు కూర్చున్నా చాలు కదన్నా" అని ఇంకొకరు అన్నారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. ఓటు వచ్చే మీటింగుకి వాయిదా పడింది.

ఆ రోజు మేము నోరు మెదపలేదు. మేము అంటే మా ఇంట్లో తొట్టె పని పంచుకునే ముగ్గురం. మా ఇంట్లో నాలుగేళ్లుగా ఉప్పునీటి తొట్టె ఉందని మీలో చాలామందికి తెలుసు. "మీరు చెప్పండి, మీకు అనుభవం ఉంది కదా" అని ఇద్దరు ముగ్గురు అడిగారు కూడా. మేము తల ఊపి ఊరుకున్నాం. ఎందుకంటే మా అనుభవంలో మెచ్చుకోదగింది సగమే. మిగతా సగం నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడేది. ఆ సగం చెప్పకుండా సలహా ఇస్తే అది సలహా కాదు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాం. తొట్టె పెట్టండి. గట్టి పగడాలు మాత్రం వద్దు. ఇప్పుడు వద్దు, చేతులు తిరిగాక కూడా వద్దు. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాం.

ముందు పగడం అంటే ఏమిటో చూద్దాం. మీటింగులో ఒక అక్క "అది రాయా, చెట్టా" అని అడిగితే అందరూ నవ్వారు. నవ్వాల్సిన ప్రశ్న కాదు అది. వందల ఏళ్లు పండితులకే తేలని ప్రశ్న. మనకు పగడం అంటే కుజదోషానికి ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పూస. ఆ ఎర్ర పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వచ్చేది. దాని దారి వేరు. మనం మాట్లాడుకుంటున్నవి వెచ్చని సముద్రాల్లో దిబ్బలు కట్టే పగడాలు. అవి చెట్టు కాదు, రాయి కాదు, జంతువు. మనకు కనిపించే కొమ్మ నిజానికి ఒక కాలనీ. దాని మీద వేల చిన్న ప్రాణులు ఉంటాయి. ఒక్కొక్కదానికి ఒక నోరు, నోటి చుట్టూ వేళ్లలాంటి మీసాలు. వీటిని పాలిప్‌లంటారు. ఇవి నీళ్లలోని కాల్షియం తీసుకుని తమ కింద సున్నపురాయి గూడు కట్టుకుంటూ పోతాయి. గుండ్రని బండలాంటి రకాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. కొమ్మల రకాలు ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా, కొన్నిచోట్ల అంతకు మించి కూడా పెరుగుతాయి. అంటే మన తలకాయంత బండ పగడం మనలో కొందరి కంటే వయసులో పెద్దది కావచ్చు.

ఈ ప్రాణి ఒంటిలోపల కంటికి కనబడని పాచి కాపురం ఉంటుంది. ఆ పాచి ఎండలో వంట చేసి తను తిని మిగిలింది ఇంటి యజమానికి పెడుతుంది. పగడానికి కావాల్సిన శక్తిలో ఎక్కువ భాగం ఈ అద్దెదారు దగ్గర్నుంచే వస్తుంది. రంగులో ఎక్కువ భాగం కూడా దానిదే. నీళ్లు అలవాటైన ఎండాకాలపు వేడి కంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ పాచిని బయటికి గెంటేస్తుంది. అప్పుడు లోపలి తెల్ల గూడు కనబడుతుంది. పగడాలు తెల్లబారడం అంటే ఇదే. వెంటనే చావదు, కానీ ఆకలితో ఉంటుంది. నీళ్లు త్వరగా చల్లబడితే తేరుకుంటుంది. చల్లబడకపోతే పోతుంది.

ఒక్క డిగ్రీ అన్నమాట గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు మన లత్తేరికి వద్దాం.

కత్తిరి ఎండల్లో వేలూరులో 40 డిగ్రీలు దాటడం వార్త కాదు. మిద్దె కింద గదిలో మధ్యాహ్నం 35 ఉంటుంది. పగడాల తొట్టె నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి, అదీ రోజులో పెద్దగా ఊగకుండా. అంటే గది వేడికీ నీళ్ల వేడికీ ఎనిమిది, పది డిగ్రీల తేడాను ఏడాదిలో నాలుగు నెలలు, రాత్రింబగళ్లు యంత్రం పట్టి నిలబెట్టాలి. దానికి చిల్లర్ కావాలి. చిల్లర్‌కి కరెంటు కావాలి. 2012 నాటి కరెంటు కోతలు మనం మరిచిపోలేదు. ఇప్పుడు అంత లేకపోయినా గాలివాన వస్తే, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మూడు నాలుగు గంటలు పోవడం మామూలే. మన లైబ్రరీ ఇన్వర్టర్ రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు లాగుతుంది. చిల్లర్‌ని లాగదు.

నీళ్ల సంగతి ఇంకో కథ. మన బోరు నీళ్లు ఎంత గట్టివో ఇంట్లో కుళాయి మూతి చూస్తే తెలుస్తుంది. ఆ నీళ్లలో నేరుగా ఉప్పు కలపకూడదు. ఆర్‌ఓ పట్టి, ఆ తర్వాత ఇంకో వడపోత పట్టి, దాదాపు ఏమీ లేని నీళ్లు చేసుకుని, అందులో సముద్రపు ఉప్పు పొడి కలపాలి. వంట ఉప్పు పనికిరాదు. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు. కాల్షియం లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాములు. మెగ్నీషియం 1,300 దగ్గర. ఆల్కలినిటీ అనే ఇంకో లెక్క 8, 9 డిగ్రీల దగ్గర. పగడం గూడు కట్టుకునే కొద్దీ ఈ కాల్షియం, ఆల్కలినిటీ రెండూ తరుగుతుంటాయి. తరిగినంత మళ్లీ పోయాలి. ఎక్కువ పోస్తే ఒక చిక్కు, తక్కువ పోస్తే ఇంకో చిక్కు, మరిచిపోయి ఒకేసారి పోస్తే అన్నిటికంటే పెద్ద చిక్కు. నీళ్లలో రాగి తగిలితే, పాత రాగి వాషరు ఒకటి పడినా, చేపలు తట్టుకుంటాయేమో గానీ పగడాలు తట్టుకోవు.

ఇవన్నీ చదివి భయపడమని కాదు. ఇవన్నీ నేర్చుకోగలిగినవే. మేమే నేర్చుకున్నాం. కానీ ఎలా నేర్చుకున్నామో వినండి.

మొదటి ఎండాకాలం. నీళ్లు చల్లబడటానికి తొట్టె మీద ఫ్యాను పెట్టాం. మన పొడి ఎండకు అది బాగానే పని చేస్తుంది, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కానీ రోజుకు మూడు నాలుగు లీటర్లు ఆవిరవుతుంది. తగ్గిన నీళ్లు నింపాలి కదా అని మేము రోజూ కలిపి పెట్టుకున్న ఉప్పునీళ్లే పోశాం. ఆవిరయ్యేది నీళ్లే గానీ ఉప్పు కాదని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. మన ఇళ్లలో పులుసు మరిగి దగ్గరపడితే ఉప్పెక్కుతుందని చిన్నపిల్లకు కూడా తెలుసు. వారం తిరిగేసరికి 35 ఉండాల్సిన ఉప్పు 39 దాటింది. రెండు పీతలు, ఒక రొయ్య పోయాయి. తగ్గిన చోట మంచినీళ్లే పోయాలన్న పాఠానికి మేము ఇచ్చిన ఫీజు అది.

ఇక చెప్పుకోవడానికి సిగ్గుపడే సగం.

రెండో ఏడు చెన్నైలో ఒక దుకాణంలో ఒక ముక్క చూశాం. పిడికిలంత. దాని మీద పొడుగాటి కాడలతో పూలలాంటి పాలిప్‌లు, ఒక్కోదానికి 24 మీసాలు, పంపు నీటికి వరిచేను ఊగినట్టు ఊగుతున్నాయి. పూలకుండీ పగడం అంటారు, గోనియోపోరా దాని పేరు. "ఇది ఈజీ సార్, ఏమీ చేయక్కర్లేదు" అన్నాడు దుకాణదారు. ఎక్కడిదని అడిగితే "ఫారం పీసు" అన్నాడు. కాగితం అడగలేదు. బిల్లులో "డెకరేషన్" అని రాసిచ్చాడు. అలా ఎందుకు రాశాడో అప్పుడే ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, చల్లగా ఉండాలని తువ్వాలు చుట్టుకుని రైలెక్కాం.

మూడు నెలలు అది మా ఇంటి దేవుడు. చుట్టాలొస్తే మొదట దాన్నే చూపించేవాళ్లం. తర్వాత తెలిసింది, గోనియోపోరా ఇళ్లలో పెంచేవాళ్లందరి దగ్గరా చెడ్డపేరు తెచ్చుకున్న రకమని. వెంటనే చావదు. కొన్ని నెలలు నవ్వుతూ కనబడుతుంది. లోపల మాత్రం ఆకలితో కరుగుతుంటుంది. లైటు ఒక్కటే దానికి చాలదు, సన్నని తిండి నీళ్లలో కలిపి అందించాలి. అలా అందిస్తే నీళ్లు చెడతాయి. నీళ్లు చెడకుండా చూస్తే దానికి తిండి చాలదు. అలవాటున్న చెయ్యి ఆ రెండింటి మధ్య దారి పట్టుకుంటుంది. మాకు ఆ చెయ్యి లేదు.

నాలుగో నెల నుంచి రోజూ కొంచెం తక్కువ విచ్చుకునేది. ఒక వైపు నుంచి తెల్లగూడు బయటపడింది. ఏడో నెల, మే నెల మధ్యాహ్నం, ఇంట్లో అందరం ఒక పెళ్లికి వెళ్లాం. కరెంటు పోయింది. పంపు ఆగింది, చిల్లర్ ఆగింది. వేడి నీళ్లలో ప్రాణవాయువు కూడా తక్కువే నిలుస్తుంది. సాయంత్రం వచ్చి తలుపు తీసేసరికి ఇల్లంతా కుళ్లు వాసన. నీళ్లు 33 డిగ్రీలు.

దాన్ని పడేయబోతూ, ఇంతకీ ఇది ఎక్కడి ప్రాణి అని మొదటిసారి నిజంగా వెతికాం. అప్పుడు తెలిసింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972. అందులో షెడ్యూల్ 1. పులి, ఏనుగు ఉన్న జాబితా. ఆ జాబితాలోకి 2001లో దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటినీ చేర్చారు. ఒకటో రెండో రకాలు కాదు, అన్నీ. వాటితోపాటు నల్ల పగడాలు, పిల్లనగ్రోవి గొట్టాల్లాంటి ఎర్ర పగడం, నిప్పు పగడం, సముద్రపు విసనకర్రలు. నీటి గుర్రాలు, సముద్రపు దోసకాయలు కూడా చట్టం కాపాడేవాటిలోనే ఉన్నాయి. షెడ్యూల్ 1 నేరానికి మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. మేము తువ్వాలు చుట్టి రైల్లో తెచ్చింది చట్టం దృష్టిలో పులిపిల్ల లాంటిది. మాకు తెలియదు అన్నది నిజమే. కానీ తెలుసుకోలేదు అన్నది అంతకంటే పెద్ద నిజం.

ఇప్పుడు చెప్పండి, రేపు సంఘం పేరు మీద, సంఘం డబ్బుతో, సంఘం గోడకు అలాంటిది పెడితే దానికి సంతకం పెట్టేది ఎవరు? కార్యదర్శి. ట్రెజరర్. మన పిల్లలు కాదు.

సరే, చట్టం ఒక కారణం. చట్టం ఎందుకు వచ్చిందన్నది అంతకంటే పెద్ద కారణం. అది మన రాష్ట్రపు కథే.

రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా మన్నార్ సింధుశాఖలో వరసగా 21 దీవులు. వాటి చుట్టూ పగడపు దిబ్బలు. 117 రకాల గట్టి పగడాలు అక్కడ లెక్కకు వచ్చాయి. 1986లో దాన్ని సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు. 1989లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. కానీ అంతకు ముందు దశాబ్దాల తరబడి, ఆ తర్వాత కూడా దొంగచాటుగా, ఆ పగడాలను గడ్డపారలతో తవ్వి పడవల్లో ఒడ్డుకు తెచ్చారు. దేనికి? సున్నం కోసం. ఇళ్ల కట్టుబడి కోసం. ఫ్యాక్టరీల ముడిసరుకు కోసం. పగడపు దిబ్బ సముద్రానికి కట్టిన కరకట్ట లాంటిది. అది పోతే అల నేరుగా దీవిని కొడుతుంది. తూత్తుకుడి వైపు విలాంగుచల్లి, కీళక్కరై వైపు పూవరసన్‌పట్టి అనే రెండు దీవులు ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయి. వాన్ దీవి తరిగి తరిగి చిక్కింది. దాన్ని నిలబెట్టడానికి ప్రభుత్వం సముద్రంలో కాంక్రీటు కట్టడాలు దించాల్సి వచ్చింది. 2004 సునామీ తర్వాత గానీ అక్కడి పల్లెలకు ఆ కరకట్ట విలువ పూర్తిగా తెలియలేదు. 2005 నాటికి పగడం తవ్వడం ఆగింది.

తవ్వడం ఆగింది గానీ వేడి ఆగలేదు. 1998లో, 2010లో, 2016లో అక్కడి పగడాలు పెద్దెత్తున తెల్లబారాయి. 2024 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా నాలుగోసారి పగడాలు తెల్లబారుతున్నాయని అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ ప్రకటించింది. అదే ఏడాది లక్షద్వీప్‌లో కూడా తెల్లబారడం మన శాస్త్రవేత్తలు చూశారు. సముద్రమంత సముద్రమే ఒక్క డిగ్రీని తట్టుకోలేకపోతోంది. 200 లీటర్ల గాజు పెట్టెలో, లత్తేరి మేలో, ఇన్వర్టర్ మీద మనం తట్టిస్తామా?

దీనికి కుర్రవాళ్ల దగ్గర జవాబు ఉంది, అది తీసిపారేసేది కాదు. "సముద్రంలో చస్తున్నాయి కాబట్టే ఇళ్లలో బతికించాలి. విదేశాల్లో ఒక కొమ్మను ముక్కలు చేసి వంద మంది పెంచుతున్నారు. ఇంట్లో పెంచిన ముక్క కొంటే సముద్రం ముట్టుకోనట్టే కదా" అంటారు. నిజమే. పగడాన్ని ముక్కలు చేసి అంటు కట్టినట్టు పెంచే పనిలో, లైటు, నీటి పారుదల, కాల్షియం లెక్కల్లో ఇళ్లలో పెంచేవాళ్లు చాలా నేర్చుకున్నారు. ఒకప్పుడు అసాధ్యం అన్న అక్రోపోరా కొమ్మల పగడాన్ని ఇప్పుడు కొన్ని దేశాల్లో మామూలు ఇళ్లలో పెంచుతున్నారు. వాళ్ల ఓపికకు మేము దణ్ణం పెడతాం.

కానీ ఆ దారి ఇక్కడ పనిచేయడానికి ఒకటి కావాలి. ఆ ముక్క నిజంగా పెంపకపు ముక్కేనని చూపే కాగితం, ఆ కాగితాన్ని ఒప్పుకునే చట్టం. మన దుకాణంలో దొరికేది నోటిమాట. గట్టి పగడాలన్నీ అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం సైటీస్ పరిధిలో కూడా ఉన్నాయి, అంటే దేశం దాటాలంటేనే అనుమతి పత్రం ఉండాలి. అది చూపించమంటే దుకాణదారు మాట మారుస్తాడు. కాగితం లేని చోట ఫారం ముక్కకీ, మన్నార్‌లో రాత్రిపూట విరిచిన ముక్కకీ తేడా మన కంటికి తెలియదు. మనం ఒకటి కొంటే ఖాళీ అయిన ఆ చోటులోకి ఇంకొకటి వస్తుంది. అది ఎక్కడ నుంచి వస్తుందో మనకు తెలియదు. కష్టమైన పగడాన్ని బతికించడం గొప్పే. కానీ ఒక్కటి బతకడానికి ముందు ఎన్ని పోయాయో లెక్క కట్టేవాళ్లు లేరు. మా ఇంట్లో లెక్క ఒకటికి ఒకటి పోయింది.

ఇంకో మాట. ఈ ముందు జాగ్రత్త అన్నది ఎక్కడో పైవాళ్ల మాట అనుకోకండి. అది మన జిల్లా నుంచే దేశానికి వెళ్లింది. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట తోళ్ల పరిశ్రమల నీళ్లు పాలారును, దాని ఒడ్డు బావులను ఏం చేశాయో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు రెండు సూత్రాలు మన దేశపు చట్టంలో భాగమని చెప్పింది. ఒకటి, పాడుచేసినవాడే పరిహారం కట్టాలి. రెండు, నష్టం పూర్తిగా రుజువయ్యేదాకా ఎదురుచూడకుండా ముందే జాగ్రత్తపడాలి. పాలారు కోసం మనం అడిగిన న్యాయం అది. మన్నార్ పగడం దగ్గరికి వచ్చేసరికి "రుజువేది, ఫారం పీసే కదా" అని మనమే అంటే ఎలా?

పాలారు మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న లెక్క. 200 లీటర్ల తొట్టెలో వారానికి పదో వంతు నీళ్లు మార్చాలి. అంటే 20 లీటర్ల ఉప్పునీళ్లు, అందులో 700 గ్రాముల ఉప్పు. ఏడాదికి 36 కిలోలు. లైబ్రరీ వెనక కొబ్బరిచెట్టు మొదట్లో పోస్తే చెట్టుకూ, బోరుకూ మంచిది కాదు. ఇప్పటికే ఉప్పెక్కిన నేలకు మనం ఇంకా కలపకూడదు. మేము మిద్దె మీద ప్లాస్టిక్ తొట్లో ఎండబెట్టి, మిగిలిన ఉప్పు గీకి చెత్తబండికి ఇస్తున్నాం. ఆర్‌ఓ వదిలేసే నీళ్లు గచ్చు కడగడానికి, మరుగుదొడ్డికి వాడుతున్నాం. ఈ పని కూడా ఎవరు చేస్తారో ముందే రాసుకోవాలి.

ఇన్ని వద్దులు చెప్పి తొట్టె పెట్టండి అని ఎందుకంటున్నాం? పిల్లల కోసం. ఆ రోజు మీటింగులో ఒక పాప "పగడానికి నోరు ఉంటుందా" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు దొరకకుండా పోకూడదు. మా ప్రతిపాదన ఇది.

మొదటి ఏడాది తొట్టెలో పగడం లేదు. కృత్రిమ సిరామిక్ రాళ్లు, ఇసుక, నీళ్లు. దుకాణాల్లో "లైవ్ రాక్" అని అమ్మేవి చాలావరకు విరిగిన పగడపు దిబ్బ ముక్కలే, అవి కొనకూడదు. నీళ్లు పండటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపల విసర్జనను విషం కాకుండా మార్చే బ్యాక్టీరియా స్థిరపడాలి. అది అమ్మోనియా, నైట్రైట్ పరీక్షల్లో పిల్లలే చూసి గోడ మీద చార్టులో రాయాలి. ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం కంటే ఎక్కువ అక్కడ నేర్చుకుంటారు.

ఆ తర్వాత హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలు రెండు. సముద్రంలో పట్టినవి కాదు. 1947లో మొదలై ఇప్పుడు కొచ్చి కేంద్రంగా ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఈ చేపలను గుడ్డు నుంచి పెంచే పద్ధతిని మన దేశంలోనే సాధించింది. బిల్లు మీద హేచరీ పేరు ఉండాలి. లేకపోతే కొనవద్దు.

పన్నెండు నెలలు, అందులో ఒక పూర్తి ఎండాకాలం, చార్టులో ఖాళీ గడి లేకుండా గడిస్తే, అప్పుడు మెత్తని పగడాల గురించి మాట్లాడుకుందాం. 2001లో చేర్చిన జాబితాలో వాటి పేరు లేదు. అయినా కాగితం ఉన్నవాటినే, వన శాఖ కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడిగిన తర్వాతే తీసుకుందాం. అందులోనూ జోయాంథిడ్‌లు అనే బొత్తాముల్లాంటివి వద్దు. వాటిలో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. రాయి కడుగుతూ, వేడినీళ్లు పోస్తూ ఆసుపత్రి పాలైన ఇంటివాళ్లు ఉన్నారు. పిల్లలు చెయ్యి పెట్టే చోట ఆ ప్రమాదం అక్కర్లేదు.

కరెంటు పోతే ముందు బతికించాల్సింది నీటి కదలిక. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి గోడకు తగిలించి ఉంచండి. చవకైనది. మా ఇంట్లో ఆ మే నెలలో అది లేదు.

చివరగా, చిల్లర్, ఖరీదైన లైట్ల కోసం అనుకున్న డబ్బు మిగులుతుంది. దాంతో సంక్రాంతి సెలవుల్లో పిల్లలను మండపం తీసుకెళ్దాం. అక్కడి మత్స్య పరిశోధన కేంద్రంలో అక్వేరియం ఉంది. ఆ తర్వాత తూత్తుకుడి. అక్కడి సుగంతి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ వాళ్లు 2002 నుంచి మన్నార్‌లో పాడైన దిబ్బల మీద పగడాలను తిరిగి నాటుతున్నారు. అదే సముద్రంలోని కొమ్మలను చిన్న ముక్కలుగా కట్టి, చట్రాల మీద పెట్టి, అదే సముద్రంలో దించుతారు. ముందుగా రాసి అడిగితే పిల్లలకు ఆ పని గురించి నాలుగు మాటలు చెప్పమని అడగవచ్చు. కష్టమైన పగడాన్ని బతికించాలన్న కోరిక మన కుర్రవాళ్లకు నిజంగా ఉంటే, ఆ చదువుకి దారి అక్కడుంది. మనలో ఒక్కరు సముద్ర జీవశాస్త్రం చదివినా మన తూర్పు గోడ ధన్యమైనట్టే.

కుర్రవాళ్లకు ఒక మాట. మీ ఉత్సాహం మీద నీళ్లు పోయడానికి ఇదంతా రాయలేదు. ఆ నీలం లైటు ముందు మీ కళ్లు ఎలా వెలిగాయో మాకు తెలుసు, మా కళ్లూ అలాగే వెలిగాయి. ఎవరైనా మాకు ఆ రోజు ఆ దుకాణం మెట్ల మీద ఇవన్నీ చెప్పి ఉంటే వినేవాళ్లమో లేదో తెలియదు. మీరు మాకంటే తెలివైనవాళ్లు. వింటారనే నమ్మకంతో రాశాం.

ఆ చచ్చిన ముక్క సంగతి కూడా చెప్పాలి. చచ్చిన పగడాన్ని కూడా ఇంట్లో అలంకారంగా పెట్టుకోవడం చట్టం ఒప్పుకోదు. అందుకే మీటింగుకి ముందే దాన్ని తీసుకుని వన శాఖ కార్యాలయానికి వెళుతున్నాం. ఏమంటారో చూద్దాం. ఏమన్నా, మీటింగులో మీకు చెబుతాం. ఈసారి నోరు మూసుకుని కూర్చోం.

మా ఓటు: తొట్టెకు అవును, గట్టి పగడాలకు కాదు, మండపం ప్రయాణానికి రెండు చేతులా అవును. మీ మాట కింద రాయండి. తప్పు చెప్పామనిపిస్తే మొహమాటం లేకుండా దిద్దండి.